విదేశాలకు నోట్లు ఎంత పట్టుకెళ్లాలి? కలగాపులగమైన అంకెలను విడదీసి చూస్తే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ల నుంచి ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్లడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. ఇప్పుడు దానికి తోడు రాజాం, బొబ్బిలి, పాలకొండ వైపు నుంచి చదువులకి అమెరికా వెళ్లే పిల్లలు, ఆ పిల్లల్ని చూడటానికి మొదటిసారి విమానం ఎక్కే తల్లిదండ్రులు, సెలవులకి థాయ్‌లాండ్ చుట్టి వద్దామనుకునే ఉద్యోగస్తులు కూడా కలిశారు. భోగాపురం విమానాశ్రయం మాట మొదలయ్యాక ఈ ముచ్చట్లు ఇంకా పెరిగాయి. టికెట్ చేతికొచ్చాక ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న ఒకటే, చేతిలో డబ్బు ఎంత పట్టుకెళ్లాలి?

అడిగితే తలో అంకె చెబుతారు. మూడు వేల డాలర్లు దాటితే విమానాశ్రయంలో పట్టుకుంటారని ఒకరు, కాదు పదివేల వరకు ఫర్వాలేదని ఇంకొకరు, అసలు ఇరవై అయిదు వేల రూపాయలకి మించి తీసుకెళ్లకూడదని మరొకరు, ఈ రోజుల్లో నోట్లెందుకు యూపీఐ ఉంది కదా అని కుర్రాళ్లు. చిత్రమేమిటంటే వీళ్లెవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతున్నారు, వినేవాళ్లు మాత్రం అన్నీ ఒకే ప్రశ్నకి జవాబులనుకుని టెన్షన్ పడుతున్నారు. దానికి తోడు 2025 డిసెంబర్‌లో డాలరు 90 రూపాయలు దాటేసరికి, ఇంకా పెరుగుతుందేమోనన్న భయంతో అవసరానికి మించి కొని పెట్టుకునేవాళ్లూ కనబడుతున్నారు.

## ఏ అంకె దేని గురించి

ముందు పెద్ద అంకె చూద్దాం. భారతదేశంలో నివసించే ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా, విదేశీ ఖర్చులకీ చదువుకీ పెట్టుబడికీ అన్నిటికీ కలిపి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. రిజర్వ్ బ్యాంక్ దీన్ని 2004లో 25,000 డాలర్లతో మొదలుపెట్టింది, 2015 నుంచి ఇప్పుడున్న పరిమితి నడుస్తోంది. బ్యాంకువాళ్లు ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) అనేది దీన్నే. ఇది మొత్తం డబ్బు గురించి, నోట్ల గురించి కాదు. మనలో చాలామంది దీని దరిదాపులకి కూడా వెళ్లం.

మూడు వేల డాలర్లు అన్నది నోట్ల గురించి. పైన చెప్పిన మొత్తంలో, ఒక్కో ప్రయాణానికి ఒక్కో మనిషి నోట్ల రూపంలో కొనుక్కోగలిగేది 3,000 డాలర్లు లేదా దానికి సమానమైన వేరే కరెన్సీ. మిగతాది ఫారెక్స్ కార్డు (ముందుగానే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) మీదో, బ్యాంకు బదిలీగానో వెళ్లాలి. కొన్ని దేశాలకి మినహాయింపులున్నాయి. ఇరాక్, లిబియాలకి 5,000 డాలర్ల దాకా నోట్లు ఇస్తారు, ఇరాన్, రష్యా, ఒకప్పటి సోవియట్ దేశాలకి మొత్తమంతా నోట్లుగానే తీసుకోవచ్చు. హజ్, ఉమ్రా యాత్రికులకి కూడా విడిగా సడలింపు ఉంది.

పదివేల డాలర్లు మన ప్రభుత్వం పెట్టిన హద్దు కాదు, అమెరికాలో దిగేటప్పుడు వర్తించేది. అక్కడికి 10,000 డాలర్లకి మించిన డబ్బు తెస్తే ఫారం నింపి చెప్పాలి. తేకూడదని కాదు, తెచ్చినట్టు చెప్పాలని. చెప్పినందుకు పన్నేమీ ఉండదు, చెప్పకుండా దొరికితే మాత్రం డబ్బు స్వాధీనం చేసుకోవచ్చు. ఇలాంటి గీత ప్రతి దేశానికీ ఉంటుంది. ఐరోపా సమాఖ్యలో 10,000 యూరోలు, సింగపూర్‌లో 20,000 సింగపూర్ డాలర్లు, యూఏఈలో 60,000 దిర్హమ్‌లు.

ఇరవై అయిదు వేలన్నది మన రూపాయల గురించి. నేపాల్, భూటాన్ లెక్క వేరు, నేపాల్ సంగతి తర్వాత చెబుతాను. మిగతా దేశాలకి వెళ్లేటప్పుడు ఒక మనిషి 25,000 రూపాయల వరకు మన నోట్లు దగ్గర పెట్టుకోవచ్చు. తిరిగొచ్చి విశాఖలోనో హైదరాబాద్‌లోనో దిగాక ట్యాక్సీకి, టిఫిన్‌కి, ఇంటికి చేరే బస్సుకి ఈ డబ్బు కావాలి కాబట్టి ఆ వెసులుబాటు.

ఇంకొక అంకె ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మనం తిరిగి ఇండియాలో దిగేటప్పుడు చేతిలో విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, కార్డు కాకుండా ట్రావెలర్ చెక్కుల్లాంటివి కూడా కలిపి 10,000 దాటినా కస్టమ్స్‌లో ఫారం ఇవ్వాలి. గల్ఫ్ నుంచి ఏళ్ల తర్వాత వచ్చే వాళ్లకి ఇది తెలిసి ఉండటం చాలా అవసరం.

## అంకెలు ఒకదానికొకటి అడ్డుపడే చోటు

నలుగురున్న కుటుంబం అమెరికా వెళ్తోందనుకుందాం. తలకి 3,000 చొప్పున 12,000 డాలర్లు నోట్లుగా కొన్నారు. పిల్లల పేరున కూడా తీసుకోవచ్చు, తల్లో తండ్రో సంతకం పెడితే సరిపోతుంది. మన చట్టం ప్రకారం ఇందులో తప్పు ఒక్కటి కూడా లేదు. కానీ అక్కడ దిగినప్పుడు ఒకే కుటుంబంగా ఒకే డిక్లరేషన్ మీద వెళ్తే లెక్క కుటుంబం మొత్తానిది, తలో మూడు వేలే కదా అంటే కుదరదు. పన్నెండు వేలు పదివేలు దాటింది కాబట్టి చెప్పి తీరాలి. జేబులో ఉన్న మన రూపాయలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇండియాలో సక్రమంగా కొన్న డబ్బే అక్కడ చెప్పకపోతే చిక్కు తెస్తుంది. అందుకే మన హద్దు, వాళ్ల హద్దు రెండూ విడివిడిగా చూసుకోవాలి. ఇక అసలు సంగతి, చట్టం 3,000 ఇస్తుంది కదా అని 3,000 పట్టుకెళ్లాల్సిన పని లేదు. అది గరిష్ఠం మాత్రమే. మన అవసరం ఎంతో ఆ నిబంధన రాసినవాళ్లకి తెలియదు.

## డాలరు నోటు అసలు ధర ఎంత

టీవీలో డాలరు 90 అని చూసి కౌంటర్ దగ్గరికి వెళ్తే 91 చిల్లర అంటారు, మోసం చేస్తున్నారేమో అనిపిస్తుంది. టీవీలో చూపేది బ్యాంకులు పెద్ద మొత్తాల్లో మార్చుకునే రేటు. నోట్లు తెప్పించి, భద్రపరిచి, అమ్మేవాళ్లు దాని మీద కొంత వేసుకుంటారు. అది ఎంత అనేదే మనం బేరమాడగలిగే చోటు.

లెక్క సులువుగా ఉండటానికి మార్కెట్ రేటు 90, కౌంటర్ అమ్మే రేటు 91.50, మళ్లీ మన దగ్గర కొనే రేటు 88.50 అనుకుందాం. 500 డాలర్లు కొంటే 45,750 రూపాయలు. దీని మీద జీఎస్టీ ఉంటుంది కానీ మొత్తం మీద 18 శాతం కాదు. లక్ష రూపాయల లోపు మార్పిడి అయితే అందులో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, ఆ ఒక్క శాతం మీద 18 శాతం వేస్తారు. మన ఉదాహరణలో 457 రూపాయల 50 పైసల మీద సుమారు 82 రూపాయలు. అంటే మొత్తం 45,832. మార్కెట్ రేటుతో పోలిస్తే 832 రూపాయలు అదనం, దాదాపు 1.85 శాతం.

అదే 500 డాలర్ల ఖర్చుకి మామూలు డెబిట్ లేదా క్రెడిట్ కార్డు గీకితే? చాలా కార్డులు విదేశీ లావాదేవీ మీద 2 నుంచి 3.5 శాతం వరకు వసూలు చేస్తాయి, దాని మీద జీఎస్టీ. 3.5 శాతం అనుకుంటే 45,000 మీద 1,575 రూపాయలు, జీఎస్టీతో 1,858. నోట్ల కంటే రెట్టింపు పైనే. కానీ ఇప్పుడు కొన్ని కార్డులు ఈ రుసుము అసలు తీసుకోవు, అలాంటిది చేతిలో ఉంటే లెక్క తిరగబడి నోట్లే ఖరీదవుతాయి. అందుకే "కార్డు ఖరీదు" అన్న మాటా "నోటు ఖరీదు" అన్న మాటా రెండూ ఏ కార్డు అని అడగకుండా ఒప్పుకోదగ్గవి కావు.

ఏటీఎం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుతో డబ్బు తీస్తే అక్కడి బ్యాంకు ఒక్కో విత్‌డ్రాకి 220 బాత్‌లో, అంతకంటే ఎక్కువో తీసుకుంటుంది. బాత్ 2.80 రూపాయలు అనుకుంటే అది 616 రూపాయలు. జాగ్రత్త అనుకుని 2,000 బాత్ చొప్పున తీసేవాళ్లకి ప్రతిసారీ 11 శాతం అక్కడే పోతుంది. ఒకేసారి 10,000 బాత్ తీస్తే అదే రుసుము 2.2 శాతం అవుతుంది. మన బ్యాంకు వేసేది దీనికి అదనం.

ఇక కొన్న డాలర్లు మిగిలిపోతే? 91.50కి కొని 88.50కి అమ్మాం కాబట్టి డాలరుకి మూడు రూపాయల నష్టం. 400 మిగిలితే 1,200 రూపాయలు ఉత్తి పుణ్యానికి పోయినట్టే. భయంతో ఎక్కువ కొనడానికి ఉన్న ఖర్చు ఇదే, ఎక్కడా బిల్లులో కనబడదు.

## నోట్లే నయం అనేవాళ్లు, కార్డు చాలు అనేవాళ్లు

పెద్దవాళ్లు నోట్లే నయమంటారు, దాన్ని చాదస్తం అనడం అన్యాయం. చేతిలో డబ్బుంటే ఎంత ఖర్చయిందో కంటికి కనబడుతుంది. నెట్‌వర్క్ పని చేయకపోయినా, ఫోన్ పోయినా, పిన్ మర్చిపోయినా భోజనం దొరుకుతుంది. భాష రాని ఊళ్లో అన్నిటికన్నా ఎక్కువ మందికి అర్థమయ్యేది నోటే. కార్డు వాడటం అలవాటు లేని మనిషికి పరాయి దేశంలో మొదటిసారి వాడమని చెప్పడం కూడా సరి కాదు.

కార్డువాళ్ల వాదనలోనూ బలం ఉంది. పోయిన నోటుని ఎవరూ తిరిగివ్వరు, కార్డయితే ఫోన్ చేసి ఆపించవచ్చు. ప్రయాణ బీమా ఉన్నా పోయిన నగదుకి వచ్చేది చాలా తక్కువ, కొన్ని పాలసీల్లో అసలు రాదు. హోటల్‌లో దిగేటప్పుడు డిపాజిట్‌గా కార్డు అడిగే చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ నోట్ల కట్ట చూపించినా పని జరగదు. సింగపూర్ మెట్రో రైలు గేటు దగ్గర కార్డు తాకిస్తే చాలు, టికెట్ కూడా అక్కర్లేదు.

యూపీఐ గురించి ఒక మాట. నేపాల్, భూటాన్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, ఫ్రాన్స్ లాంటి చోట్ల యూపీఐ మొదలైన మాట నిజమే, 2024 ఫిబ్రవరిలో ఐఫిల్ టవర్ టికెట్లకి కూడా వచ్చింది. కానీ మొదలైందంటే ప్రతి కొట్లో ఉందని కాదు. ఒప్పందం ఉన్న వ్యాపారుల దగ్గర మాత్రమే పని చేస్తుంది, యాప్‌లో అంతర్జాతీయ వాడకం విడిగా ఆన్ చేసుకోవాలి. ఇక్కడ కొబ్బరిబొండాం దగ్గర కూడా స్కాన్ చేసే అలవాటుతో, అక్కడా అంతే ఉంటుందనుకుని వెళ్తే ఇబ్బంది పడతారు.

ఇద్దరి మాటలూ విన్నాక నాకు అనిపించేది ఇది. ఖర్చు చేయడానికి కార్డు బాగుంటుంది, కార్డు పని చేయని గంటలకి నోటు కావాలి. అప్పుడు "ఎంత పట్టుకెళ్లాలి" అన్న ప్రశ్న "కార్డు లేకుండా నేను ఎన్నాళ్లు గడపాల్సి రావచ్చు" అన్న ప్రశ్నగా మారుతుంది. దానికి లెక్క వేయవచ్చు.

కార్డులు ఎందుకు ఆగిపోతాయో కూడా తెలిసుంటే ఆ లెక్క ఇంకా బాగా వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది చాలా చిన్న విషయం. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు ఇండియాలో వాడకానికే తెరిచి ఇస్తారు, విదేశీ వాడకం మనమే యాప్‌లోనో బ్యాంకులోనో ఆన్ చేయించుకోవాలి. అది చేయకుండా వెళ్లినవాళ్లకి దిగిన చోటే కార్డు పని చేయదు. ఆన్‌లైన్ చెల్లింపులకి ఓటీపీ కావాలి, అది వచ్చే సిమ్‌కి రోమింగ్ ఉండాలి. ఇంకొకటి, మిషన్ మీద "రూపాయల్లో కట్టాలా, స్థానిక కరెన్సీలోనా" అని అడుగుతుంది. రూపాయలు అని ఉంటే మనకి మేలు అనిపిస్తుంది కానీ అక్కడ మార్చే రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. స్థానిక కరెన్సీ ఎంచుకున్నప్పుడే సాధారణంగా తక్కువ పడుతుంది.

## థాయ్‌లాండ్ వెళ్లే కుటుంబం లెక్క

విజయనగరం నుంచి భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు బ్యాంకాక్, పట్టాయా వెళ్తున్నారు, ఆరు రోజులు. హోటళ్లు, పొద్దున్న టిఫిన్లు, ఊరి నుంచి ఊరికి బండి ప్యాకేజీలో ముందే కట్టేశారు. ఇక నోట్లు మూడు అవసరాలకి కావాలి.

మొదటిది దిగగానే అయ్యే ఖర్చు. సిమ్ కార్డు, పిల్లలకి ఏదైనా తినడానికి, బండి రాకపోతే ట్యాక్సీ. దీనికి 1,500 బాత్ అనుకుందాం. రెండోది నోట్లు మాత్రమే తీసుకునే చోట్లు. వీధి బండ్ల మీద భోజనం, రాత్రి బజార్లు, పట్టాయాలో తిరిగే షేర్ బండ్లు, ఇవన్నీ నగదు మీదే నడుస్తాయి. నలుగురికీ రోజుకి 2,000 చొప్పున 12,000 బాత్. మూడోది కార్డు రెండు రోజులు పని చేయకపోతే గడవడానికి, 5,000 బాత్ ఉంచుదాం. మొత్తం 18,500 బాత్. 2.80 చొప్పున 51,800 రూపాయలు, డాలర్లలో సుమారు 575. చుట్టుపక్కల 600 అనుకోండి.

ఇక్కడితో అయిపోదు. థాయ్‌లాండ్ ఇమిగ్రేషన్‌లో ఖర్చులకి డబ్బు ఉన్నట్టు చూపించమని అడిగే అధికారం వాళ్లకి ఉంది. వీసా రకాన్ని బట్టి తలకి 10,000 లేదా 20,000 బాత్, కుటుంబానికి దానికి రెట్టింపు, లేదా అంత విలువైన వేరే కరెన్సీ. అందరినీ అడగరు, కానీ అడిగినప్పుడు చూపాలి. కుటుంబానికి 40,000 బాత్ అంటే సుమారు 1,12,000 రూపాయలు, దాదాపు 1,245 డాలర్లు. చూశారా, ఖర్చు చేయాల్సింది 600 డాలర్లు, చూపించాల్సింది దానికి రెట్టింపు. ఈ రెండిటినీ కలిపేసుకుని మొత్తం బాత్‌లుగా మార్చేసుకున్న వాళ్లు, చివరి రోజు మిగిలినవి ఖర్చు పెట్టడానికి అక్కర్లేని సామాన్లు కొనేస్తారు.

చూపించే డబ్బుని డాలర్లుగానే ఉంచుకుంటే ఆ చిక్కు రాదు. 1,250 డాలర్లు కొని, అందులో 600 మాత్రం అక్కడ విడతలుగా బాత్‌లుగా మార్చుకుని, మిగిలిన 650 అలాగే వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చినవి వెంటనే అమ్మాలని కూడా లేదు, ఎందుకో చివర్లో చెబుతాను. అమ్మేస్తే మాత్రం పైన వేసిన రేట్ల ప్రకారం 1,950 రూపాయల నష్టం.

బాత్‌లు ఇక్కడే కొనుక్కుంటే మంచిది కదా అని చాలామంది అంటారు. రెండుసార్లు మార్చడం తప్పుతుంది, నిజమే. కానీ మన దగ్గర డాలరుకి ఉన్న గిరాకీ బాత్‌కి లేదు, అందుకని కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది. బ్యాంకాక్ ఊళ్లోని కౌంటర్లలో డాలర్లకి మంచి రేటు వస్తుంది, అందులోనూ 100 డాలర్ల నోటుకి వచ్చినంత రేటు చిన్న నోట్లకి రాదు. విమానాశ్రయం లోపలి కౌంటర్లలో మాత్రం రేటు అన్ని చోట్లా తక్కువే. దిగగానే కావలసిన కొద్దిపాటి బాత్‌లు ఇక్కడి నుంచి, మిగతావి అక్కడ మార్చుకోవడం చాలామంది అనుభవం మీద కుదుర్చుకున్న మధ్యేమార్గం.

నోటు స్థితి కూడా చూసుకోవాలి. పెన్ను గీతలున్నవి, చిరిగినవి, పాత డిజైన్‌వి చాలా చోట్ల తీసుకోరు, తీసుకున్నా రేటు తగ్గిస్తారు. 2013 అక్టోబర్ నుంచి వస్తున్న కొత్త వంద డాలర్ల నోటు మీద నీలం రంగు పట్టీ ఉంటుంది, కొనేటప్పుడు అవే అడగాలి.

## గల్ఫ్‌కి పనికి వెళ్లేవాళ్ల సంగతి వేరు

కంచిలి, కవిటి, సోంపేట, మందస నుంచి వెళ్లే కుర్రాడికి ఈ లెక్క చాలా ముఖ్యం, ఎందుకంటే అతని దగ్గర వెనకేసుకున్నది ఉండదు. చాలా ఇళ్లలో వీసా ఖర్చుకే అప్పు చేసి ఉంటారు, చేతి ఖర్చుకి ఇంకో పాతిక వేలు తెస్తారు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఆ పాతిక వేల మీద నెలకి 750. అందుకే ఇక్కడ ఎక్కువ పట్టుకెళ్లడమూ భారమే, తక్కువ పట్టుకెళ్తే ఆకలీ.

దుబాయ్ అనుకుందాం. దిర్హమ్ విలువ 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, అందుకని డాలర్లు పట్టుకెళ్లినా దిర్హమ్‌లు పట్టుకెళ్లినా తేడా కౌంటర్ తీసుకునే రుసుము వరకే. సౌదీ రియాల్ కూడా అంతే, డాలరుకి 3.75. డాలరు 90 అయితే దిర్హమ్ 24 రూపాయల 50 పైసలు. మొదటి జీతం చేతికి రావడానికి నెల పైనే పడుతుంది, ఒక్కోసారి నెలన్నర. తిండికి నెలకి 400 దిర్హమ్‌లు అనుకుంటే నెలన్నరకి 600. సిమ్, సబ్బులు, బస్సుకి 150. అనుకోని ఖర్చుకి 250. మొత్తం 1,000 దిర్హమ్‌లు, అంటే 24,500 రూపాయలు. కంపెనీయే మెస్ పెడితే 600 పోయి 400తో సరిపోతుంది, పదివేల రూపాయల లోపే. ఒక్క ప్రశ్న, "తిండి కంపెనీదా, మనదా" అన్నది, అప్పుని సగానికి పైగా తగ్గిస్తుంది. కాంట్రాక్ట్ కాగితంలో ఉండాల్సిన విషయమే అది, ఏజెంట్ నోటి మాటగా చెబితే చాలదు.

విజిట్ వీసా మీద పంపేవాళ్ల గురించి కూడా చెప్పాలి. యూఏఈకి విజిట్ వీసా మీద వెళ్లేవాళ్ల దగ్గర తిరుగు టికెట్, ఉండే చోటు వివరం, 3,000 దిర్హమ్‌లు ఉన్నట్టు రుజువు అడుగుతున్నారని 2024లో వార్తలొచ్చాయి. 3,000 దిర్హమ్‌లంటే 73,500 రూపాయలు. పనికి వెళ్లే మనిషి చేత ఇంత డబ్బు చూపించమంటున్నారంటే అసలు అతను పని వీసా మీద వెళ్లడం లేదని అర్థం, విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. డబ్బు ఎంత అన్న ప్రశ్న కన్నా ముందు అడగాల్సింది వీసా ఏది అని.

## అమెరికా వెళ్లేవాళ్లకి

పిల్లల ఇంటికి వెళ్లే తల్లిదండ్రులకి నోట్లతో పెద్ద పని ఉండదు. దారిలో విమానం మారే చోట కాఫీకి, ఫోన్‌కి, పిల్లాడు ఆలస్యంగా వస్తే ట్యాక్సీకి ఇద్దరికీ కలిపి రెండు మూడు వందల డాలర్లు చాలు, అవీ పది ఇరవై డాలర్ల నోట్లుగా. అక్కడ భయపడాల్సిన ఖర్చు ఆసుపత్రిది. దానికి నోట్లు ఎన్నున్నా సరిపోవు, దానికి బీమాయే దారి.

చదువుకి వెళ్లే పిల్లలకి కాస్త ఎక్కువ కావాలి. బ్యాంకు ఖాతా తెరిచి, కార్డు చేతికొచ్చే దాకా పరుపు, గిన్నెలు, సరుకులు, బస్సు ఖర్చులుంటాయి. ఫీజు, గది అద్దె అడ్వాన్స్ లాంటివి నోట్లతో కట్టేవి కావు, బ్యాంకు నుంచే పంపాలి. 500 నుంచి 1,000 డాలర్ల నోట్లు, మిగతాది ఫారెక్స్ కార్డు మీద పెట్టడం సబబుగా ఉంటుంది. ఆ కార్డు డాలర్లలో నింపితే నింపిన రోజు రేటే ఖాయం, తర్వాత రూపాయి పడినా ఇబ్బంది లేదు. అయితే దారిలో దుబాయ్‌లోనో దోహాలోనో అదే కార్డు వాడితే వేరే కరెన్సీ కాబట్టి విడిగా రుసుము పడుతుంది.

## పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకి డాలర్లు అక్కర్లేదు

మన జిల్లాల నుంచి బస్సుల్లో కాశీ మీదుగా నేపాల్ వెళ్లే యాత్రికులు ఎక్కువే. అక్కడికి విదేశీ మారకం ఇవ్వరు, అక్కర్లేదు కూడా. మన 100 రూపాయలు అక్కడి 160, ఈ లెక్క 1993 నుంచి మారలేదు. మన వైపు నుంచి వంద వరకు ఉన్న నోట్లు ఎన్నైనా తీసుకెళ్లొచ్చు, అంతకంటే పెద్ద నోట్లయితే 25,000 రూపాయల వరకు. కానీ 2018 చివర్లో నేపాల్ వందకి మించిన మన నోట్లని నిషేధించడంతో చాలామంది 500 నోట్లతో ఇబ్బంది పడ్డారు. ఆ నిషేధాన్ని సడలించే మాటలు తర్వాత వచ్చినా, కొండ ఊళ్లలోని కొట్లవాళ్లు వంద నోట్లకే మొగ్గు చూపుతారు. వంద నోట్ల కట్టలు ముందే బ్యాంకులో అడిగి ఉంచుకోవడం యాత్రికులకి అలవాటైన పనే.

## ఎక్కడ కొనాలి, ఎలా కట్టాలి

రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న బ్యాంకులు, మనీ చేంజర్ల దగ్గర మాత్రమే విదేశీ డబ్బు కొనాలి. మన ఊళ్లలోని చాలా శాఖల్లో నోట్లు నిల్వ ఉండవు, ముందు చెబితే తెప్పిస్తారు, లేకపోతే విశాఖ వెళ్లాలి. అందుకని ప్రయాణానికి ముందు రోజు దాకా ఆగితే విమానాశ్రయం రేటే గతి. అలాగని మరీ ముందూ కుదరదు, బయల్దేరే తేదీకి 60 రోజుల లోపే కొనాలి. పాస్‌పోర్ట్, టికెట్, అవసరమైన చోట వీసా, పాన్ కార్డు అడుగుతారు. బిల్లు 50,000 రూపాయల లోపైతే నగదు ఇవ్వొచ్చు, అది దాటితే చెక్కో, కార్డో, బ్యాంకు బదిలీయో కావాలి. పైన చెప్పిన థాయ్‌లాండ్ కుటుంబం ఈ హద్దు దాటుతుంది.

సెలవుకి వచ్చిన పక్కింటి అబ్బాయి దగ్గర మిగిలిన దిర్హమ్‌లో డాలర్లో కొనేయడం మనవైపు మామూలే. అతను మంచివాడే కావచ్చు, రేటు కూడా బాగుండొచ్చు. కానీ అనుమతి లేని మనిషి దగ్గర విదేశీ డబ్బు కొనడం 1999 నాటి ఫెమా (విదేశీ మారకం నిర్వహణ) చట్టానికి విరుద్ధం. కస్టమ్స్‌వాళ్లు ఎక్కడివని అడిగితే చూపడానికి రసీదు ఉండదు, నోటు నకిలీదైతే అడగడానికి మనిషీ ఉండడు.

టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను, అన్న పేరు విని కూడా జనం జంకుతున్నారు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎల్‌ఆర్‌ఎస్ కింద పంపినది మొత్తం 10 లక్షలు దాటితేనే మామూలు ప్రయాణ ఖర్చుల మీద 20 శాతం పడుతుంది, అదీ దాటిన భాగం మీద. 2025 ఏప్రిల్‌కి ముందు ఈ గీత 7 లక్షల దగ్గర ఉండేది. అప్పటికే 9 లక్షలు పంపిన తండ్రి ప్రయాణానికని ఇంకో 2 లక్షల ఫారెక్స్ కొంటే, దాటిన లక్ష మీద 20,000 ముందుగా పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది లేదా వెనక్కి వస్తుంది. విదేశంలో ఉన్నప్పుడు క్రెడిట్ కార్డుతో పెట్టిన ఖర్చు ఇప్పటికి ఈ లెక్కలోకి రావడం లేదు.

## మిగిలినవి ఏం చేయాలి

తిరిగొచ్చాక మిగిలిన విదేశీ నోట్లని 180 రోజుల లోపు బ్యాంకులోనో మనీ చేంజర్ దగ్గరో అమ్మేయాలి. కానీ 2,000 డాలర్ల విలువ వరకు నోట్లు మన దగ్గరే ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. థాయ్‌లాండ్ కుటుంబం తెచ్చిన 650 డాలర్లు వెంటనే అమ్మాల్సిన పని లేదన్నది ఇందుకే, మళ్లీ వెళ్లేటప్పుడు అవే చూపించే డబ్బుగా పనికొస్తాయి. ఇలా ఉంచుకునేటప్పుడు కొన్న రసీదు కూడా ఆ నోట్లతోనే పెట్టడం మంచిది, తర్వాతి ప్రయాణంలో ఎవరైనా అడిగితే అదే ఆధారం. బాత్, మలేషియా రింగిట్ లాంటివి మిగిలితే అక్కడే డాలర్లుగా మార్చుకుని రావడం తక్కువ నష్టం, ఇక్కడ వాటికి వచ్చే రేటు బాగా తక్కువ. నాణేలకి మాత్రం ఏ పరిమితీ లేదు, ఎన్నైనా ఉంచుకోవచ్చు, కానీ వాటిని ఇక్కడి కౌంటర్లలో కొనరు కాబట్టి అక్కడే చివరి రోజు టీకో నీళ్ల సీసాకో వాడేయడం మేలు.